ఇస్తున్నట్టు పట్టుకోండి సార్

మా ఉమ్మడి ఖమ్మం జిల్లాలో నన్ను ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే పేరు కంటే ముందు ‘వివాదాస్పద ఫొటోగ్రాఫర్’ అంటారు. నా పేరు దానియేలు. మా పేపరు చాలాకాలం దాన్ని ‘దానయ్య’ అని వేసింది. దిద్దమని అడిగితే, “చదివేవాళ్లు ఫొటో చూస్తారు గానీ నీ పేరు చూస్తారా?” అన్నారు. ఎవరూ చూడనప్పుడు సరిగ్గా వేయడానికి అడ్డమేమిటి? ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు రాలేదు. నేనూ అడగడం మానలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ కెమెరా కొనాలో, ఏ లెన్సు వాడాలో చెప్పను. అవి ఫోనులో చెప్పేవాళ్లు వెయ్యిమంది ఉన్నారు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అక్కడి నుంచి చర్ల అడవుల దాకా ఒక దినపత్రికకు ఫొటోలు తీసి బతికినవాడి పని నిజంగా ఎలా ఉంటుందో చెప్తాను. వివాదం సంగతి దానంతట అదే వస్తుంది.

ముఖ్యంగా ఇచ్చిపుచ్చుకోవడం

మీలో చాలామంది పులులను తీయాలని వస్తారు. మా అడవిలో పులి జాడ దొరికితే ఆ జాడ ఫొటో అటవీ శాఖవాళ్లే తీసి పంపుతారు. మీకు మిగిలేది ఆ జాడను వంగి చూస్తున్న అధికారి.

జిల్లా ఫొటోగ్రాఫరు జీవితంలో ముప్పాతిక భాగం ఒకరు ఇంకొకరికి ఏదో ఇవ్వడమే. చెక్కు, చీర, దుప్పటి, కుట్టుమిషను, మేకపిల్ల. ఇచ్చేవాడు నిటారుగా ఉంటాడు, పుచ్చుకునేవాడు కొంచెం వంగి ఉంటాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. ఇద్దరూ నన్ను చూస్తారు. మేకపిల్ల ఒక్కటే ఎటో చూస్తుంది. ఆ మూడు ముఖాల్లో కాస్త నిజం ఉండేది దాని ముఖంలోనే.

“ఇస్తున్నట్టు పట్టుకోండి సార్” అనే మాట నేను అన్నన్నిసార్లు మా అమ్మ ప్రార్థనల్లో ఆమెన్ అని ఉండదు. మాది ఇల్లెందు. నాన్న బొగ్గుబావిలో పనిచేసేవాడు. ఇచ్చేది గుట్టుగా ఇవ్వాలని మా పాస్టరుగారు ఆదివారం చెప్పేవారు. సోమవారం నుంచి శనివారం దాకా నేను దానికి వ్యతిరేకంగా పనిచేసి జీతం తీసుకున్నాను.

ఈ పద్ధతి గురించి ఒక మాట. దుప్పట్ల పంపిణీ అనుకోండి. ఒకే దుప్పటి వేదిక మీద ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి దాన్ని పట్టుకుని ఫొటో దిగి వదిలేస్తారు. అసలు దుప్పట్లు వెనక గదిలో మూటలుగా ఉంటాయి, సభ అయ్యాక ఇస్తారు. చాలాసార్లు ఇందులో మోసం ఉండదు, తొందర ఉంటుంది. అందరికీ తెలిసిన తంతు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు. కొంప మునిగేది వెనక గది ఖాళీగా ఉన్నరోజున.

అందుకే నా పాఠం ఒకటే. ఫొటో అయిపోయిందని అందరూ అనుకున్నాక కెమెరా దించకండి. చేతులు వదులుతాయి, నవ్వులు రాలిపోతాయి, ఇచ్చినవి వెనక్కి వెళ్తాయి. మీ వృత్తి అక్కడ మొదలవుతుంది.

ఒక వరదలో ఒక నాయకుడు పడవ మీద నిలబడి బాధితులను పరామర్శిస్తున్న ఫొటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. దాని తర్వాతి ఫొటో నా దగ్గర ఉంది. అందులో పడవ బురద మీద ఉంది, కానిస్టేబుళ్లు దాన్ని నెడుతున్నారు, ఆయన ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఒక ఆఫీసు ఆవరణలో ప్రతి వానాకాలం మొక్క నాటేవారు. నాటే మనిషి మారేవాడు, మొక్క మారేది, గుంత మాత్రం మారేది కాదు. పాపం, దానికి బదిలీ కూడా లేదు. ఆ గుంత ఫొటో నేను ఏటా తీశాను. అలా మొదలైంది నా చెడ్డపేరు.

నాకు జరిగిన మర్యాదల గురించి ఎక్కువ రాయను. ఒక్కటి రాస్తాను. ఒక సభలో ప్రెస్‌వాళ్ల భోజనాల దగ్గర నన్ను ఆపి, “మీరు ప్రెస్సా, కెమెరానా?” అని అడిగినవాడు ఇప్పుడు మంచి హోదాలో ఉన్నాడు. ఎదురుపడ్డప్పుడల్లా, “సార్, భోజనం అయిందా?” అని అడుగుతాను. ఆయనకు ఎందుకో అర్థం కాదు. నాకు అవుతుంది.

ముందే రాసిన వాక్యం

మా ఖమ్మం ఆఫీసు పెద్ద రంగారావుగారు. చెడ్డమనిషి కాదు. అయి ఉంటే ఇంత కోపం రాకపోయేది. ఫొటో కింద వేసే వాక్యాన్ని ఆయన ముందురోజే రాసిపెట్టుకునేవారు. రేపటి సభకు జనం పోటెత్తారని ఈరోజే రాసేవారు. గాలివానకు సభ రద్దయిన రోజున కూడా మా పేపర్లో జనం పోటెత్తారు.

“ఫొటో చూశాక రాయొచ్చు కదా సార్?” అని ఒకసారి అన్నాను.

“వాక్యం రెడీగా ఉంది దానయ్యా. దానికి తగ్గ ఫొటో తీసుకురావడం నీ పని.”

అప్పుడు నవ్వుకున్నాను. ఆ వాక్యాలు ఒక మనిషి బతుకుతెరువుకు అడ్డం పడేదాకా నవ్వుతూనే ఉన్నాను. కొత్తవాళ్లకు నా సలహా, మీ ఫొటో కింద వాక్యం మీరే రాయండి. ఆ పని ఇంకొకరికి వదిలితే మీ ఫొటో వాళ్ల నోటితో మాట్లాడుతుంది.

కళాకారులు

ఆఫీసర్లే ఇలా ఉంటారని అనుకోకండి. హైదరాబాదు నుంచి ఒకాయన ఆదివాసీల మీద ప్రదర్శన పెడతానని వచ్చాడు. మంచి నూలు చొక్కా, మంచి గడ్డం. దుమ్ముగూడెం దగ్గర ఒక గూడేనికి తీసుకెళ్లాను. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ తీసేయమన్నాడు. పిల్ల చేతిలో ఫోను తీసేయమన్నాడు. తాతను నవ్వొద్దన్నాడు.

“నవ్వద్దంటె ఎట్ల సారూ?” అన్నాడు తాత. “నువ్వు గట్ల బోర్ల పండుకొని ఫొటో తీస్తాంటె నవ్వు రాదా?”

ఆఫీసర్లు నవ్వమంటారు, కళాకారులు ఏడుపుముఖం పెట్టమంటారు. నీకెలా ఉందని తాతను ఇద్దరూ అడగరు. ఆ ప్రదర్శన తాలూకు పుస్తకంలో నాకు ‘స్థానిక డ్రైవర్’ అని కృతజ్ఞతలు చెప్పారు. నాకు కారు నడపడమే రాదు.

సమ్మక్క బండి

ఇప్పుడు అసలు సంగతి.

పూనెం సమ్మక్కది చర్ల మండలంలో రోడ్డుకు దూరంగా అడవిలో ఉన్న ఊరు. కోయ మనిషి. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. వారపు సంతల్లో ఎండుచేపలు అమ్ముతుంది. కర్ర పట్టుకుని ఇంట్లో తిరగగలదు గానీ బుట్టతో సంతదాకా నడవలేదు. ఆటో ఎక్కాలి. ఎండుచేపల వాసనకు ఆటోవాళ్లు ఆమెను చూసి ముఖం తిప్పుకునేవారు. ఆటో దొరకని వారం సంత లేదు. సంత లేని వారం ఇంట్లో పొయ్యి అనుమానమే.

వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే మోటారు బండి కోసం ఆమె ఆఫీసుల చుట్టూ తిరిగింది. మామూలు స్కూటరుకే వెనక అటూ ఇటూ అదనపు చక్రాలు బిగిస్తారే, అది. అదొక్కటి వస్తే ఆటోవాళ్ల ముఖాలు చూడక్కర్లేదు. తిరగ్గా తిరగ్గా పేరు వచ్చింది. భద్రాచలంలో సభ పెట్టి ఇస్తామని కబురు పంపారు.

సభకు వెళ్లాను. పందిరి ఉంది, ఫ్లెక్సీ ఉంది, జనం ఉన్నారు. బండి మాత్రం ఒక్కటే ఉంది. అక్కడ అధికారుల తరఫున పత్రికలవాళ్లను చూసుకునే సుధాకర్ నన్ను పక్కకు పిలిచాడు.

“దానేలన్నా, బండ్లు కంపెనీ నుంచి రాలే. నమూనాకు ఒక్కటి పంపిండ్రు. ఎనక ఖాళీ కనవడకుండ దగ్గరికెల్లి తియ్యి.”

“బండ్లు వచ్చినాకనే పెట్టొచ్చు కద సభ?”

“బండ్లు ఎప్పుడన్న వస్తయన్నా. సారు డేటు మళ్ల రాదు.”

సారు అంటే మా ప్రజాప్రతినిధి. పేరు అక్కర్లేదు. మీ ఊళ్లోనూ ఒకాయన ఉంటాడు.

సమ్మక్కను ఎత్తి బండి మీద కూర్చోబెట్టారు. మెడలో దండ వేశారు. బండికి రిబ్బను కట్టారు. ముందు భాగంలో సారు బొమ్మ స్టిక్కరు సిద్ధంగా ఉంది. ఆయన తాళంచెవి పట్టుకుని వచ్చాడు. నేను అలవాటు ప్రకారం, “ఇస్తున్నట్టు పట్టుకోండి సార్” అన్నాను. ఆయన నా వైపు తిరగబోయి మోచేత్తో బండి ఎడమ అద్దాన్ని కొట్టాడు. అద్దం ఊడి కిందపడి పగిలింది. జనం చప్పట్లు కొట్టారు. దేనికైనా కొడతారు.

సమ్మక్క చప్పట్లు వినలేదు. బండినే చూసుకుంటోంది.

“సారూ, ఇండ్ల పెట్రోలున్నదా?”

“అన్నీ ఉన్నయమ్మా, నవ్వు. అటు చూసి నవ్వు.”

నవ్వింది. తీశాను. సారు వేదిక మీదికి పోయాడు. నేను కెమెరా దించలేదు. ఇద్దరు అటెండర్లు వచ్చి ఆమె చంకల కింద చేతులు వేశారు.

“ఏందయ్యా, దించుతున్నరు?”

“రిజిస్ట్రేషన్ కావాలమ్మా. వారంల ఇంటికే పంపుతం.”

“తాళంచెవి?”

“అది గూడ పంపుతం.”

దండ మాత్రం ఆమెకే ఉంచారు. బండిని చెక్కపలక మీద నుంచి ఒక వ్యానులోకి ఎక్కించారు, రిబ్బనుతో సహా. అంతా తీశాను. ‘మోటారు బండి అందుకుని ఆనందంలో సమ్మక్క’ అని మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ వాక్యం వయసు ఫొటో కంటే ఒకరోజు ఎక్కువ.

తర్వాత దుమ్ముగూడెంలో అలాంటి సభే జరిగింది. మనిషి వేరు, బండికి ఎడమ అద్దం లేదు. ఆపైన జూలూరుపాడులో. మనిషి వేరు, ఎడమ అద్దం లేదు. ఎక్కడికి పంపినా వెళ్లాను, వెళ్లిన ప్రతిచోటా నాకంటే ముందే ఆ బండి వచ్చి ఉంది. జిల్లాలో అంత కష్టపడి తిరిగిన ఉద్యోగిని ఇంకొకర్ని చూడలేదు.

“గా ఫొటో తీసెయ్”

కొన్నాళ్లకు సమ్మక్క భద్రాచలంలో మేముంటున్న ఇంటికి వచ్చింది. కర్ర గోడకు ఆనించి గడప మీద కూర్చుంది.

“నువ్వేనా ఫొటోసారువు?”

“నేనేనమ్మా.”

“నా బండి ఇయ్యి.”

“నా దగ్గర బండి ఎక్కడిదమ్మా?”

అప్పుడు చెప్పింది. ఆఫీసుకు వెళ్లి బండి ఏదని అడిగితే అక్కడి గుమాస్తా కంప్యూటరు ఆమె వైపు తిప్పి చూపించాడట. ‘నీకు ఇచ్చినట్టే ఉందమ్మా, ఫొటో కూడా ఉంది’ అన్నాడట. వాళ్ల పద్ధతిలో లబ్ధిదారు ఫొటో ఎక్కిస్తే పంపిణీ పూర్తయినట్టు. ఇక ఆ పేరు తెరుచుకోదు. ఎక్కించిన ఫొటో నాదే. ప్రెస్‌వాళ్ల వాట్సాప్ గ్రూపులో నేను పెట్టినదాన్ని సుధాకర్ తీసుకున్నాడు. నన్ను అడగలేదు, అడిగే అలవాటు ఆ గ్రూపులో ఎవరికీ లేదు.

“నువ్వు ఫొటో తియ్యంగనే ఇచ్చినట్టయింది,” అంది సమ్మక్క. “తియ్యకపోతె ఇంకా ఇయ్యాల్సే ఉండు. గా ఫొటో తీసెయ్.”

“నేను తీసేస్తే పోదమ్మా. అది ఆఫీసు కంప్యూటర్ల ఉంది.”

“మరి తీసేటప్పుడు ఎవరి కెమెరాల ఉండె?”

లోపల మా ఆవిడ నవ్వు ఆపుకోలేక గిన్నెలు చప్పుడు చేసింది. తప్పు నాది కాదని చాలాసేపు వాదించాను. నా ఇంట్లోంచి కత్తిపీట ఎత్తుకుపోయి ఎవరో ఎవరి గొంతో కోస్తే కూరగాయలు తరుక్కునే నేనా నేరస్థుణ్ణి? సమ్మక్క అంతా విని, “కత్తిపీట నీదే గద,” అంది. టీ తాగి, ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్లి కూర్చుంది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. వచ్చిన ఆటో వచ్చినట్టే ఆమె బుట్టను చూసి పోయింది.

ఆ రోజున కెమెరా పాత కార్డులన్నీ ముందేసుకున్నాను. అటెండర్లు ఆమెను దించుతున్న ఫొటో, బండి వ్యానెక్కుతున్న ఫొటో, అద్దం లేని బండి మీద ఊరూరా మారిన మనుషులు. ప్రింట్లు వేయించి, ఖమ్మం పట్టుకెళ్లి రంగారావుగారి బల్ల మీద పరిచాను. ఆయన ఒక్కొక్కటే తీసి చూశారు.

“బాగున్నాయి దానయ్యా. దాచుకో. రిటైరయ్యాక పుస్తకం వేసుకో.”

“ఆమెకు ఇప్పుడు కావాలి సార్, బండి.”

“మనం పేపరువాళ్లం. బండ్లషాపు కాదు.”

ఆయన అన్న మాటల్లో అక్షరం మరిచిపోకుండా గుర్తున్నవి కొన్ని ఉన్నాయి. ఇది వాటిలో ఒకటి.

సారు మెచ్చుకున్నారు

ఖమ్మంలో మా ఫొటోగ్రాఫర్ల సంఘం ఏటా ఒక ప్రదర్శన పెట్టేది. ఆ ఏడు అంశం ‘సంక్షేమం’. ముఖ్య అతిథి మన సారే. నేను కూడా ఫొటోలు ఇస్తానంటే సంఘంవాళ్లు సంతోషించారు. దానేలుకు బుద్ధి వచ్చిందనుకున్నారు.

ఒకే కొలతలో ప్రింట్లు వేయించాను. ప్రతిదానిలో బండి అదే చోట ఉండేలా కత్తిరించి గోడకు వరుసగా తగిలించాను. కింద మనిషి పేరు, ఊరి పేరు తప్ప ఒక్క అక్షరం రాయలేదు. చివర మాత్రం సమ్మక్కను దించుతున్న ఫొటో, పక్కన వ్యాను.

సారు వచ్చి రిబ్బనుకు కత్తెర పెట్టారు. కత్తెర మొద్దుగా ఉండి తెగలేదు, చేత్తో లాగేశారు. జనంతో, ఫోన్లతో, సుధాకర్‌తో కలిసి గోడ వెంట నడుస్తూ నా వరుస ముందు ఆగారు. చాలాసేపు చూశారు. ముఖం వెలిగిపోయింది. అన్నిట్లోనూ తనే ఉన్నారు మరి.

“శెభాష్!” అన్నారు. “ఎవరయ్యా తీసింది? ఒక్క బండిని ఎన్ని యాంగిల్స్‌ల తీసిండు! అద్దం ఇరిగింది గూడ దాయలే. గిదీ ఆర్టంటే!”

అప్పుడు ఖమ్మంలో ఒక బడి టీచరమ్మ, ఫొటోలు చూడ్డానికి వచ్చినామె, ఆఖరున నిలబడి మామూలుగా అడిగింది.

“సార్, బండి ఒక్కటైతే మనుషులు ఇంతమంది ఎందుకున్నరు?”

సారు మళ్లీ గోడవైపు తిరిగారు. ఈసారి కింద పేర్లు చదివారు. సుధాకర్ వైపు చూశారు. సుధాకర్ నావైపు చూశాడు. నేను తీస్తూనే ఉన్నాను. చుట్టూ ఉన్న ఫోన్లు కూడా తీస్తూనే ఉన్నాయి. సాయంత్రానికి సారు మెచ్చుకోలు జిల్లా అంతా విన్నది.

నా మీద ఇంత రాద్ధాంతం జరగడానికి నేను చేసింది ఇంతే. దాచింది లేదు, కల్పించింది లేదు, ఒకరిని ఒక మాట అన్నది లేదు. ఒక్క బండి అన్న మాట ఆయనదే. అయినా నేను ఫొటోలు మార్చానన్నారు. ఎవరో డబ్బిచ్చారన్నారు. సంఘం నన్ను క్షమాపణ చెప్పమంది. ఎవరికి, దేనికి అని అడిగాను. జవాబివ్వకుండా సభ్యత్వం తీసేశారు. సభల్లోకి పాసు ఆగిపోయింది. ‘దానియేలు ప్రదర్శించిన ఫొటోలతో మా పత్రికకు సంబంధం లేదు’ అని మా పేపరు మొదటి పేజీలో బాక్సు కట్టి వేసింది. నా పేరు తప్పు లేకుండా అచ్చయింది అందులోనే.

“పోయిందని రాసివ్వు”

గొడవ పెద్దదయ్యేసరికి విచారణ పెట్టి సమ్మక్కనూ నన్నూ పిలిచారు. విచారణాధికారి కుర్రవాడు, మర్యాదస్థుడు. నాకు కుర్చీ వేయించాడు. అందుకే అతని గురించి కటువుగా రాయలేకపోతున్నాను.

“అమ్మా, నీకు బండి రాలేదని నాకు అర్థమైంది,” అన్నాడు సమ్మక్కతో. “కానీ సిస్టంలో ఇచ్చినట్టు ఉంది. ఫొటో ఉంది.”

“సారూ, ఫొటోల ఉన్న సమ్మక్కకు ఫొటోల ఉన్న బండి ఇచ్చిండ్రు. మంచిగున్నది. గామె పోతది సంతకు. నేనెట్ల పోవాలె?”

అధికారికి నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“ఒకసారి ఎక్కింది వెనక్కి తీసే అధికారం నాకు లేదు. ఒక దారి ఉంది. నీ బండి దొంగలెత్తుకుపోయారని కంప్లైంటు రాసివ్వు. దానిమీద ఇంకోటి ఇప్పిస్తాను. నెల తిరక్కుండా వస్తుంది.”

నిజం చెప్తున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. కాగితం తెప్పించమని నేనే అనబోయాను. బండి చేతికందే దూరంలో ఉంది. సమ్మక్క మాత్రం కదల్లేదు.

“గట్ల రాస్తె పోలీసోళ్లు రారా?”

“వస్తారు. అడుగుతారు. ఊరికే, పద్ధతి కోసం.”

“మీకు పద్ధతి సారూ. మా దిక్కు ఉత్త పున్నానికి గూడ అడుగుతరు. కొత్త సైకిల్ మోటరు కనవడితె ఎవరిది, ఏడికెల్లి తెచ్చినవ్, అడవిల ఎవరిని ఎక్కించుకున్నవ్ అని అడుగుతరు. సర్కారు బండి పోయిందని నేను రాస్తె మా ఊరి మొగపిల్లలందరిని ఎండల లైను నిలవెడ్తరు. లేని బండికి నా తమ్ముని, పక్కింటి పిలగాన్ని దొంగల్ని చెయ్యాల్నా?”

“అంత దూరం పోదమ్మా...”

“దొంగ ఎవరని అడుగుతె నేనెవర్ని చూపియ్యాలె? మిమ్మల్ని చూపియ్యాల్నా?”

అధికారి నావైపు చూశాడు, కాస్త నచ్చజెప్పమన్నట్టు. ఆమె తోడు వచ్చిన చెల్లెలితో కోయలో ఏదో అంది. చెల్లెలు కర్ర అందించింది. సమ్మక్క లేచింది.

“బండి ఇయ్యకుంటె మానె. రాసి మాత్రం ఇయ్య.”

తలుపుదాకా వెళ్లడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. అంతసేపూ అందరం నేలచూపులు చూశాం. నా చేతిలో కెమెరా ఉంది. తీయలేదు.

ఆ తర్వాత

బండి వచ్చింది. ఎలా వచ్చిందో, ఏ పద్దు కింద వచ్చిందో ఎవరూ చెప్పలేదు. ఒక వానరోజున గూడ్సు ఆటోలో ఆ ఊరి మొదట్లో దింపి, వేలిముద్ర వేయించుకుని పోయారట. సభ లేదు, రిబ్బను లేదు, ఫొటో లేదు. రెండు అద్దాలూ ఉన్నాయట. గోడ మీది మిగతావాళ్లలో కొందరికి తర్వాత వచ్చాయి. కొందరు ఇంకా తిరుగుతున్నారు. ఆ కుర్ర అధికారి బదిలీ అయ్యాడు. సారు మళ్లీ గెలిచారు.

నన్ను బయటి పనులు మాన్పించి ఆఫీసులో పాత ఫొటోలు స్కాన్ చేసే పనిలో వేశారు. అందులోనే రిటైరయ్యాను. వీడ్కోలు రోజున రంగారావుగారు శాలువా కప్పారు. ఫొటో అయ్యాక శాలువా వెనక్కి తీసుకోలేదు. ఆ విషయం గమనించానని ఇక్కడ న్యాయంగా రాస్తున్నాను.

వివాదాలకు పోవద్దని మీకు పెద్దలు చెప్తారు. నేనూ పోలేదు. ఎవరూ చూడని సమయంలో కెమెరా దించకుండా ఉన్నాను, అంతే. మీరు అలా ఉంటే మీకూ భోజనాల దగ్గర చోటు దొరకదు. ఇంట్లో తిని వెళ్లండి.

మొన్న చర్ల సంతకు వెళ్లాను. మిరపకాయల వరుస దాటాక సమ్మక్క కనబడింది. బండి దిగలేదు, దాని మీదే కూర్చుని అమ్ముతోంది. చక్రాల మీద పలక వేసి చేపలు పరిచింది. ముందున్న సారు స్టిక్కరు మీద సరిగ్గా ముక్కు దగ్గర ఎండుచేపల దండ వేలాడుతోంది.

“ఏం దానేలన్నా, కెమెరా ఇంక ఇడువలేదా?”

“నీ బండి మీద నువ్వున్న ఫొటో నా దగ్గర లేదు కదా సమ్మక్కా.”

“ఎందుకు లేదు? కంప్యూటర్ల ఉన్నది గద.”

“అది కాదు. నిజం బండి మీద. ఎంతైనా నా ఫొటోల వల్ల వచ్చిన బండి.”

ఆమె తూకం ఆపింది.

“నీ ఫొటోల వల్లనా? నీ ఫొటోతోటి పోయింది. నా నోటితోటి వచ్చింది.”

“ఆ ప్రదర్శన పెట్టకపోతే విచారణ ఎక్కడిది? సారు ఆ మాట అనకపోతే...”

“సరే తియ్యి. సారు నోటితోటి సగం, నా నోటితోటి సగం. నీది ఏంది?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పక్కన ఉప్పు అమ్మేవాడు మరీ నవ్వాడు. దీనికి నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నా బయటి పని, నా పాసు, సంఘంలో నా కుర్చీ పోయాయి, అయినా నాది ఏమీ లేదంటే ఎలా? ఈ సంగతి ఆమెతో తేల్చుకోవడానికి మళ్లీ వెళ్తాను. ఆ పూటకు మాత్రం వెలుగు బాగుంది, ఆమె ముఖం మీద పడుతోంది. కెమెరా ఎత్తాను.

“అన్నా, కొంటవా?” అంది సమ్మక్క. “కొనకుంటె జరుగు. గిరాకికి అడ్డం నిలవడ్డవ్.”

ఈ వృత్తిలో నన్ను జరగమన్నవాళ్లు చాలామంది. ఎవరెవరో, ఎక్కడెక్కడో అన్నీ నాకు గుర్తున్నాయి. అప్పటిదాకా ఒక్కరూ కారణం చెప్పలేదు. వెనక్కి తిరిగి చూస్తే నిజంగానే ఒక ముసలామె ఖాళీ సంచి పట్టుకుని, నేనెప్పుడు కదులుతానా అని నిలబడి ఉంది.

జరిగాను.